కొనేవాడొక్కడే

రేపు పొద్దున్న ఇల్లుగలావిడకి మాట చెప్పాలి. ఇరవై రెండేళ్లుగా అద్దెకుంటున్న రెండు గదులు. "మీరు కొంటారా, ఇంకొకళ్లకి ఇచ్చెయ్యనా?" అని ఆవిడ నెల గడువిచ్చింది.

ఫిట్టరు కంగారుపడలేదు. పంపుల ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్లూ జీతంలో కొంత పెట్టి ఆ కంపెనీ షేర్లే కొన్నాడు. దిగిపోయాక కూడా పింఛను చేతికి రాగానే నెలకి పదేసి కొంటూనే ఉన్నాడు. ఇప్పటికి అయిదువేలయ్యాయి. షేరుబజారు బోర్డు మీద ధర తొంభై రెండు. ఏళ్లతరబడి పెరగడమే తప్ప తగ్గింది లేదు. ఇల్లు చేతికొచ్చినట్టే అనుకున్నాడు.

బ్రోకరు గది ఇరుకు. బల్ల మీద రెండు తెరలు.

"అయిదువేలూ అమ్మెయ్యి బాబూ."

"ఎవరికి పెద్దాయనా?"

"కొనేవాళ్లకి."

బ్రోకరు నవ్వబోయి మానేశాడు. ఒక తెర ఇటు తిప్పాడు. "ఇది బాగా డబ్బున్న దేశం బజారు. ఇదీ పంపుల కంపెనీయే. ఇక్కడ అయిదువేలు ఒక్కసారి గుమ్మరించినా ధర వెంట్రుకవాసి కదలదు. పింఛను నిధులు, బీమా కంపెనీలు, ఇంకా ఎవరెవరో, కొనడానికి బారులు తీరి ఉంటారు. చూడండి, ఎంత కిందికి లాగినా వరస తెగదు." రెండో తెర తిప్పాడు. "ఇది మనది."

కొంటామన్నవాళ్లవి మూడే వరసలున్నాయి. ముప్ఫై షేర్లకి అరవై ఒకటి. ఇరవైకి నలభై. వందకి పదకొండు. ఆ కింద ఖాళీ.

"మరి తొంభై రెండేది?"

"అది పోయిన నెల మీరు కొన్న ధర."

"అంతకుముందు తొంభై?"

"అదీ మీరే. అమ్మేవాడు రెండు రూపాయలు ఎక్కువడిగితే ఇచ్చేవారు. మూడేళ్లుగా ఇంకెవరూ కొనలేదు."

ఫిట్టరు తెరనే చూస్తూ కూర్చున్నాడు. నమ్మబుద్ధి కాలేదు. "అమ్ము. కళ్లారా చూస్తాను."

"వద్దు పెద్దాయనా."

"అమ్మమన్నానా!"

నూటయాభై అమ్ముడుపోయాయి. రెప్ప వేసేలోపు బోర్డు మీద పదకొండు పడింది. మిగతావి అడిగే నాథుడు లేడు.

వీధిలోకి వచ్చాడో లేదో ఫోను మోగింది. బావమరిది. అదే ఫ్యాక్టరీలో వెల్డరుగా చేసి మానేశాడు. తన దగ్గరున్న ఆ కంపెనీ షేర్లు బ్యాంకులో తాకట్టు పెట్టి సొంతంగా షెడ్డు నడుపుకుంటున్నాడు.

"బావా, కొంప మునిగింది! ధర పదకొండుకి పడిందట. సాయంత్రంలోగా లోటు కట్టకపోతే షెడ్డుకి తాళం వేస్తాడట బ్యాంకువాడు. ఏ దరిద్రుడు అమ్మాడో!"

"నేనే."

అవతలివాడు నవ్వాడు. "ఊరుకో బావా! నువ్వమ్మడమేంటి? ఆ షేర్లు కొనే అమాయకుడివి నువ్వొక్కడివేగా!"

"నేనేరా," అని ఫిట్టరు మళ్లీ అన్నాడు. నవ్వు ఆగింది. ఫోను కట్టయింది.

ఇంటికెళ్లేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. "రేపే ఆవిడకి మాట ఇచ్చేస్తున్నామాండీ?"

"ఇల్లు మనకి రాదు," అన్నాడు. షేర్ల సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు. ఆవిడ తమ్ముడి షెడ్డు సంగతి మాత్రం చెప్పలేదు.

ఆవిడ గోడకి చేరబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది. కాసేపయ్యాక తనే సర్దుకుంది.

"పోనీండి. మా తమ్ముడి షెడ్డు వెనక గది ఖాళీయేగా. ఇంకో ఇల్లు దొరికేదాకా అక్కడుందాం. వాడికి ఫోన్ చెయ్యండి, కాదనడు."