గోవా ఎక్కిన యాభై గ్రాములు

నేను ఒక యాభై గ్రాముల తూకపురాయిని. పేరుకే రాయిని, పుట్టింది ఇత్తడితో. తలమీద పట్టుకోవడానికి చిన్న బొడిపె, నడుముకు ఒక గీత, అడుగున వేలికొన పట్టేంత గుంట. ఆ గుంటలో సీసం పోసి, సీసం మీద సర్కారు ముద్ర కొట్టి, నేను అచ్చంగా యాభై గ్రాములేనని లోకానికి హామీ ఇచ్చి పంపించారు. మనుషులకు ఇలాంటి ముద్ర ఉండదు. ఉంటే సగం తగాదాలు తగ్గేవి.

ముందే చెప్పేస్తున్నాను. నా కథలో గోవా ఉంది. నది మీద ఓడ ఉంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన పేకాట వీరులున్నారు. ఆఖరి నిమిషంలో ఒకే ఒక్క కుర్చీ ఉంది. తూకపురాయికి ఇవన్నీ ఎక్కడివని మీకు అనుమానం వచ్చిందంటే, మీరు భ్రమరాంబగారిని ఎరగరన్నమాట.

తెనాలిలో మాణిక్యాలరావుగారి కారం, మసాలా దినుసుల కొట్టులో నా మొదటి ఉద్యోగం. కాటాలో ఒక పళ్ళెంలో నేను, రెండో పళ్ళెంలో గుంటూరు మిరపకారం. కొనేవాళ్ళు ఎవరూ నా వంక చూసేవారు కాదు. ముల్లు వంక చూసేవారు, ముల్లు నిలబడ్డాక కొసరు వంక చూసేవారు. బంగారం కొట్లో తరుగు ఎంత తీసినా నోరెత్తని పెద్దమనిషి, ఇక్కడ చిటికెడు కారం కోసం అరగంట వాదించేవాడు. ఆ కారమే రోజూ ఎగిరి నా మీద పడేది. ఏళ్ళు గడిచి అడుగున సీసం ఊడిపోయింది. ఖాళీ అయిన గుంటలో కారం చేరి, దిమ్మిస కొట్టినట్టు గట్టిగా కూరుకుపోయింది. తనిఖీకి వచ్చిన అధికారి నన్ను తిరగేసి, ముక్కు దగ్గరగా పెట్టుకుని చూసి, ముద్ర లేదు కాబట్టి పనికిరానన్నాడు. ఆ వెంటనే కొట్టు అదిరేలా తుమ్మాడు.

అప్పటికే కొట్లోకి కరెంటు కాటా వచ్చేసింది. నన్ను పాత ఇత్తడివాడికి వేసేయబోతుంటే అడ్డుపడింది మాణిక్యాలరావుగారి భార్య భ్రమరాంబ. కారణం దయ కాదు, ఫ్యాను. మధ్యాహ్నం వంటలయ్యాక ఆవిడ వసారాలో నలుగురు ఆడవాళ్ళు పేకాడేవారు. ఫ్యాను ఆపితే చెమటలు, వేస్తే ముక్కలు ఎగిరిపోతాయి. ఆవిడ నన్ను తెచ్చి తన ముక్కల నెత్తిన కూర్చోబెట్టింది. అక్కడితో నా దశ తిరిగింది.

ఆ నలుగురిలో పక్కింటి సుగుణమ్మ గురించి చెప్పాలి. రిటైరైన డ్రిల్లు టీచరు. దుమ్ము పడదు. మైదానంలో ముప్ఫయ్యేళ్ళు అరిచిన గొంతు కావడం వల్ల, ఆవిడ తుమ్మితే వీధి చివరి కుక్క లేచి నిలబడేది.

ఒక పెళ్ళిలో హైదరాబాదు చుట్టం ఒకాయన భ్రమరాంబకు పోకర్ నేర్పాడు. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు, ముక్క బావున్నా బావుండకపోయినా మొహం కదపకుండా పందెం పెంచుకుంటూ పోవాలి. ఆవిడ విని, ఇంతేనా, ఇది బేరమే కదా అంది. ముహూర్తం వేళకి ఆ చుట్టం దగ్గర చిల్లపెంకు కూడా మిగల్లేదు. చింతగింజలతో ఆడారు కాబట్టి బతికిపోయాడు.

ఆవిడకు మిగిలిన కోరిక ఒక్కటే. ఊళ్ళో మిత్రమండలి క్లబ్బుంది. అందులో నాలుగు ఫ్యాన్లు, ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లలున్న పేకాట గది ఉంది. ఆ గదిలోకి ఆడవాళ్ళు టీ కప్పులు పట్టుకుని మాత్రమే వెళ్ళొచ్చు. వార్షికోత్సవం రోజున ఆవిడ లేచి, మాకూ ఒక బల్ల వేయించమని అందరిలో అడిగింది. ప్రెసిడెంటు వీరరాఘవయ్యగారి చేతిలో అప్పుడు మైకుంది. అదే ఆయన కొంప ముంచింది.

"ఆడవాళ్ళకి తంబోలా పెడతన్నాం గదమ్మా. పేకాటంటావా, నేను ఏటా గోవా పోకర్ పోటీకి పోతా. అక్కడ పెద్ద ఆటలో కుర్చీ వేయించుకుని కూర్చో. నువ్వు కూర్చున్నావని నా కళ్ళతో చూస్తే, ఇక్కడ నా చేత్తో నేనే కుర్చీ వేస్తా."

జనం చప్పట్లు కొట్టారు. భ్రమరాంబ కూడా కొట్టింది. మర్నాడు సుగుణమ్మతో కలిసి రైలు టిక్కెట్లు తీయించింది. పోటీకి ప్రవేశ రుసుము ఎక్కడిదని నన్ను అడక్కండి. ఆడవాళ్ళ పోపులపెట్టె లోతు తూచే రాయి ఇంకా పోత పోయలేదు.

గోవా చేరిన దగ్గర్నుంచి నాకు తల తిరుగుతూనే ఉంది. పోటీ జరిగేది నది మధ్యలో లంగరు వేసిన ఓడ మీద. ఒడ్డు నుంచి లాంచీలో తీసుకెళ్తారు. ఎక్కబోయే ముందు సంచులు సోదా చేసే గార్డు నన్ను పైకెత్తి, ఇదేమిటని హిందీలో అడిగాడు. భ్రమరాంబకు వచ్చిన హిందీ నాలుగు మాటలు, అందులో మూడు కారం అమ్మడానికి పనికొచ్చేవే. సుగుణమ్మ రెండు అరచేతుల్నీ త్రాసులా పైకీ కిందికీ ఆడించి చూపించింది. గార్డుకు ఏమర్థమైందో గాని, నన్ను దేవుడి విగ్రహంలా రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

ఓడ లోపల ఎటు చూసినా అద్దాలు, దీపాలు. టోపీలు దించుకుని నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న కుర్రాళ్ళు. చెవుల్లో పాటలు, మొహాల్లో పరీక్షకు ముందుండే చావుకళ. రిజిస్ట్రేషన్ కౌంటరు ముందు క్యూ పాములా మెలికలు తిరిగి ఉంది. అసలు ఆధార్ కార్డు చూపించాలి, ఫొటో దిగాలి, చేతికి పట్టీ కట్టించుకోవాలి. అప్పుడు మిషను ఒక చీటీ ఇస్తుంది. ఏ బల్ల, ఏ కుర్చీ అన్నది దాని ఇష్టం. మావాళ్ళు పొద్దున్నే రావడంతో కౌంటరుకు దగ్గరలోనే నిలబడ్డారు. వెనకాలే వీరరాఘవయ్యగారు, ఆయన క్లబ్బు బలగం.

భ్రమరాంబ వంతు వచ్చింది. కార్డు చేతిలోకి తీసింది. అప్పుడు సుగుణమ్మ ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

"వదినా, శుక్రవారం. పన్నెండు దాకా రాహుకాలం."

భ్రమరాంబ కార్డు సంచిలో పెట్టేసి పక్కకు జరిగింది. ఆ మాట విన్న వీరరాఘవయ్యగారూ జరిగారు. ఆయన బలగం జరిగింది. వెనక నెల్లూరువాళ్ళు ఎందుకని అడిగి తెలుసుకుని జరిగారు. ఖమ్మం నుంచి వచ్చిన ఇద్దరు అడక్కుండానే జరిగారు. క్యూలో సగం మంది గోడవారకు వెళ్ళి వరసగా నిలబడటం చూసి కౌంటరు అమ్మాయికి కంగారు పుట్టింది. మంటలేమైనా అంటుకున్నాయా అని వెనక్కి తిరిగి చూసుకుంది. ఢిల్లీ కుర్రాళ్ళు మాత్రం ఏమీ అడక్కుండా ముందుకు నడిచి, చకచకా చీటీలు తీసుకుని లోపలికి పోయారు.

పన్నెండు దాటగానే గోడ కదిలింది. అంతా ఒక్కసారే దూకారు. వీరరాఘవయ్యగారు మోచేతులతో దారి చేసుకుని భ్రమరాంబ కన్నా ముందు కౌంటరుకు చేరారు. ఆడవాళ్ళకు దారివ్వమని సుగుణమ్మ అంటే, బస్సులో ఇస్తాను, ఇక్కడ కాదన్నారు.

కౌంటరు అమ్మాయి కార్డులు తీసుకుంది, ఫొటోలు తీసింది, పట్టీలు కట్టింది. చీటీలు మాత్రం ఇవ్వలేదు. హాలు నిండిపోయింది. ఇకమీదట లోపల ఎవరైనా ఓడి లేస్తేనే బయటివాళ్ళకు కుర్చీ. వరస ప్రకారం మైకులో పేరు పిలుస్తారు. పిలిస్తే వెంటనే రావాలి, రాకపోతే తర్వాతి పేరు. సాయంత్రం గంట కొడతారు. అది మోగాక రిజిస్ట్రేషన్ ఉండదు. ఆ లోగా కుర్చీ దొరకనివాళ్ళు డబ్బు వెనక్కి తీసుకుని లాంచీ ఎక్కడమే.

రాహువు వెళ్ళిపోయాడు గాని, వెళ్తూ వెళ్తూ కుర్చీలన్నీ పట్టుకుపోయాడు.

ఆ మధ్యాహ్నం మావాళ్ళు ఎదుటివాడి చెడు కోరినంత గట్టిగా ఏ గుళ్ళోనూ ఏ మంచీ కోరి ఉండరు. హాలు తలుపు తెరుచుకున్నప్పుడల్లా అందరి మెడలూ సాగేవి. ఓడినవాడు ఏడుపు మొహంతో బయటికొస్తే ఇక్కడ పండగ. ఒకాయన ఓడాడనుకుని నెల్లూరువాళ్ళు కరచాలనాలు కూడా చేసుకున్నారు, తీరా ఆయన బాత్రూముకు వెళ్తున్నాడు. పేర్లు ఒక్కొక్కటే పిలుస్తున్నారు. ఇద్దరు వెళ్ళారు, నలుగురు వెళ్ళారు. భ్రమరాంబ స్టీలు కుర్చీ చేతి మీద నన్ను టకటక కొడుతూ కూర్చుంది. వీరరాఘవయ్యగారికి ఆ చప్పుడు చిరాకనిపించింది.

"ఇక్కడ మిరపకాయలు తూయరమ్మా," అన్నారు.

"తూస్తారు అన్నయ్యగారూ. ఎవరెంతో ఇయ్యాల తేలుద్ది," అంది భ్రమరాంబ.

గంట కొట్టడానికి ఇంక కాస్తే ఉందనగా పిలవాల్సిన వరసలో ముందు వీరరాఘవయ్యగారు, ఆయన వెనక భ్రమరాంబ మిగిలారు. కౌంటరు అమ్మాయి గోడ గడియారం చూసి, గంట మీద చెయ్యి వేసి నిలబడింది. అప్పుడు తలుపు తెరుచుకుంది. నల్లకళ్ళద్దాల కుర్రాడొకడు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. కుర్చీ ఒక్కటి.

మైకులో పేరు వినబడింది. వీరరాఘవయ్య.

ఆయన లేచారు. చొక్కా సర్దుకున్నారు. ఉంగరాన్ని కళ్ళకద్దుకున్నారు. భ్రమరాంబ తలొంచుకుని నన్ను తిరగేసింది. గాజుకు తగిలించిన పిన్నీసు తీసి నా గుంటలో గీరింది. కంగారుగా ఉన్నప్పుడు ఏదో ఒకటి శుభ్రం చేయడం ఆవిడకు అలవాటే. పైన ఏసీ గొట్టం లోంచి గాలి రయ్యిమని వస్తోంది. గుంటలో గట్టిపడిన పాతికేళ్ళ గుంటూరు కారం ఎర్రగా, సన్నగా, ఆ గాలిలోకి లేచింది. పక్క కుర్చీలో సుగుణమ్మ.

ఆ తుమ్ముకు ఓడ ఊగిందంటే అతిశయోక్తి. లాంచీవాడు హారన్ కొట్టాడన్నది మాత్రం నిజం.

వీరరాఘవయ్యగారు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయారు. ఆయన బలగం ఒక్క గొంతుతో, ఒంటి తుమ్ము, కూర్చోండి, మంచినీళ్ళు తాగి బయల్దేరండి అన్నారు. ఆయన కూర్చున్నారు. నీళ్ళ సీసా వచ్చింది. కొత్త సీసా, మూత బిగుసుకుపోయింది. ఒకాయన తిప్పాడు, ఇంకొకాయన పళ్ళతో పట్టాడు. మైకులో రెండోసారి పేరు పిలిచారు. ఒక్క నిమిషం ఆగమని ఆయన చూపుడువేలు ఎత్తారు. ఆ అమ్మాయికి నిమిషం లేదు. కాగితం కిందికి చూసింది.

భ్రమరాంబ.

ఆవిడ లేవబోయి ఆగింది. అదే తుమ్ము ఆవిడకూ తగులుతుంది కదా. ఎంత పెద్ద బేరగత్తె అయినా ఒంటి తుమ్ము మీద గడప దాటే తెలుగు మనిషి కాదు. సుగుణమ్మ వంక చూసింది. సుగుణమ్మ ముక్కు ఎర్రబడింది, కళ్ళు సగం మూతలు పడ్డాయి, నోరు తెరుచుకుంది. రాలేదు. కౌంటరు అమ్మాయి గంట తాడు పట్టుకుంది. నా గుండె, అంటే నాలో గుంట కాని భాగమంతా, బిగుసుకుపోయింది.

వచ్చింది. మొదటి దానికన్నా పెద్దది.

"రెండో తుమ్ము, శుభం," అన్నాడు పళ్ళతో మూత తీస్తున్న క్లబ్బు కార్యదర్శి. అలవాటుకొద్దీ నోరు జారాడు. వీరరాఘవయ్యగారు చూసిన చూపుకు ఆ మూత దానంతటదే ఊడి వచ్చింది.

అప్పటికి భ్రమరాంబ కౌంటరు దగ్గరుంది. చీటీ చేతిలో పడింది. గంట మోగింది. నోటినిండా నీళ్ళతో వీరరాఘవయ్యగారు తలుపులోంచి చూస్తుండగా ఆవిడ వెళ్ళి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మెత్తటి కుర్చీలో కూర్చుంది. ఆయన తన కళ్ళతోనే చూశారు.

ఆ బల్ల మీద నాకో ఆశ్చర్యం ఎదురైంది. అందరి ముక్కల మీదా ఏదో ఒకటి ఉంది. ఒకరిది వెండి నాణెం, ఒకరిది చిన్న గాజు ఏనుగు. ముక్కలు పంచే మనిషి చెత్త ముక్కలనుకుని లాగేసుకోకుండా అట్లా బరువు పెట్టుకోవడం అక్కడి పద్ధతట. బరువు పెట్టని పక్క కుర్రాడి ముక్కలు నా కళ్ళముందే లాగేశారు. వాడెంత మొత్తుకున్నా తిరిగి ఇవ్వలేదు. తెనాలి వసారాలో ఫ్యాను కోసం కనిపెట్టిన ఉపాయం ఇక్కడ రాజ్యాంగం. ముక్కల మీద కూర్చున్నవాళ్ళలో సర్కారు ఉద్యోగం చేసి వచ్చింది నేనొక్కదాన్నే.

ఆవిడ కప్పు గెలిచిందా అని అడుగుతారు. లేదు. రాత్రి భోజనాల దాకా ఆడింది. చేతిలో ఏ ముక్కలున్నాయో వాటి నెత్తిన కూర్చున్న నాకే తెలియలేదు, ఇక ఎదుటివాళ్ళకేం తెలుస్తుంది? ఇద్దరిని లేపి పంపింది, మూడోవాడు ఆవిడను పంపాడు. నవ్వుకుంటూ లేచి, బల్లచుట్టూ అందరికీ దణ్ణం పెట్టింది. ముక్కలు పంచే అమ్మాయి కూడా తిరిగి దణ్ణం పెట్టింది.

మైకులో అన్నమాట మింగడం ఎంతటి ప్రెసిడెంటుకైనా కష్టం. ఆదివారం వీరరాఘవయ్యగారు స్వయంగా కుర్చీ మోసుకొచ్చి పేకాట గదిలో వేశారు. మరుసటి వారానికి కుర్చీలు నాలుగయ్యాయి. నన్ను షీల్డుల బీరువాలో, బ్యాడ్మింటన్ కప్పు పక్కన పెట్టి గౌరవిద్దామని ఆయన ప్రతిపాదించారు. బీరువాకు తాళం ఉంటుంది, తాళంచెవి ఆయన దగ్గర ఉంటుంది. భ్రమరాంబ నవ్వి, ఫ్యాను కింద నాతో పనుందంది.

ఇవాళ కూడా అక్కడే ఉన్నాను. ఆకుపచ్చ గుడ్డ మీద, పదమూడు ముక్కల నెత్తిన, నాలుగు ఫ్యాన్ల గాలిలో. ఎదుట వీరరాఘవయ్యగారు. ఆయనకు ఆట అయిపోయినట్టుంది. ముక్కలు మూడోసారి సర్దుకుని, ఒక ముక్క వేరుగా తీసి, షో చెప్పడానికి చెయ్యెత్తుతున్నారు. భ్రమరాంబ పక్కన సుగుణమ్మ కూర్చుని ఉంది.

భ్రమరాంబ నెమ్మదిగా నన్ను చేతిలోకి తీసుకుని తిరగేసింది. గాజు దగ్గర పిన్నీసు వెతుక్కుంటోంది. నా గుంటలో ఇంకా కాస్త కారం మిగిలే ఉంది.