వేరు జోలికి పోకూడదు

రోడ్డు మీదికి వంగిన కొండకు తాడుతో వేలాడుతూ, రాతి పగుళ్లలో మొలిచే మొక్కల్ని కోయడం అతని ఉద్యోగం. ఆ పనికి నియమం ఒకటే. కొమ్మలు కోయాలి, వేరు పీకకూడదు. పగిలిన రాయిని పట్టి ఉంచేది ఆ వేరే, అది ఊడితే బండ కూడా ఊడుతుంది. కొండ దగ్గర అంత జాగ్రత్తగా ఉండే మనిషి, ఇంటికొచ్చి అదే తాడుతో పెళ్లాన్ని గొడ్డును బాదినట్టు బాదేవాడు. తలుపు తీయడం ఆలస్యమైందని ఒకరోజు, గ్లాసు మీద వేలిముద్ర ఉందని ఇంకోరోజు. ఏ వంకా దొరక్కపోతే, ఊరికే చూస్తోందని.

చర్మం చిట్లిన చోటల్లా తెల్లారేసరికి ఆ కొండమొక్కే మొలిచేది. దళసరి ఆకులు, చిన్న తెల్లపూలు. "ఈసారి భుజం మీద బాగా పూసిందమ్మా," అని పక్కింటావిడ మెచ్చుకుని తన దారిన తాను పోయేది. పూలు చూసిన కళ్లకు దెబ్బలు ఎందుకు కనిపించవో ఆవిడనే అడగాలి. అత్తగారు మాత్రం రోజూ కోడల్ని వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టి, కొడుకు చెప్పిన పద్ధతిలోనే కత్తెరతో ఆకులు కత్తిరించేది. వేరు జోలికి పోయేది కాదు.

ఒక రాత్రి అత్తగారు, పిల్ల చచ్చిపోతుందిరా అని అడ్డం వెళ్లింది. తాడు ఆవిడ చెంపకూ తగిలింది. పొద్దున అద్దంలో తన చెంప మీద రెండాకులు చూసుకుంది.

ఆ పొద్దుటే కొండ మీద, ఇంట్లో కొట్టి కొట్టి పీచులు తేలిన తాడు పుటుక్కున తెగింది. అతను చేతికందిన మొక్కను పట్టుకుని గాల్లో వేలాడాడు.

ఇక్కడ వంటింట్లో కోడలు కేకపెట్టి కూలబడింది. భుజం మీది మొక్క బిగుసుకుని కొండ వైపు లాగుతోంది. దాని చుట్టూ కండ చీలి నెత్తురు ధార కడుతోంది. ఇంకాసేపుంటే వేరు ఊడొస్తుంది, దాంతో పాటు మనిషీ పోతుంది. కిటికీలోంచి కొండ కనబడుతోంది, దానికి వేలాడుతున్న కొడుకూ కనబడుతున్నాడు.

అత్తగారు కత్తెర తీసింది.

"వద్దత్తయ్యా, ఆయన పట్టుకుంది దీన్నే," అంది కోడలు పళ్లు బిగబట్టి.

"తెలుసమ్మా. కదలకు."

చర్మానికి ఆనించి మొదలు దగ్గర కోసింది. వేరు లోపలే ఉండిపోయింది, నెత్తురు ఆగింది. ఆవిడ మళ్లీ కిటికీ వైపు తిరగలేదు. గుడ్డ తడిపి కోడలి భుజం తుడుస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం శవాన్ని తెచ్చారు. తల చితికిపోయింది, చొక్కాను బట్టి పోల్చుకున్నారు. పిడికిలి మాత్రం బిగిసే ఉంది. తల్లి పక్కన కూర్చుని ఒక్కో వేలూ విప్పింది. లోపల తెల్లపూల రెమ్మ, దాని మొదట్లో నున్నగా కత్తెర కోత. ఎవరూ చూడకుండా దాన్ని గుప్పిట్లో దాచుకుని, అప్పుడు ఏడ్చింది.