డెల్ఫీన్ పళ్లెంలో కొవ్వు ట్రౌట్

మా మామగారు ఆంబ్రోస్ చేపలతో మాట్లాడినంత మర్యాదగా కోడలితో ఏనాడూ మాట్లాడలేదు. వల ఎత్తేముందు చిటికెడు పొగాకు నీళ్లలో వదిలి, పైకొచ్చిన ప్రతి చేపకూ కృతజ్ఞత చెప్పుకుంటారు. నేను కాఫీ ఇస్తే మాత్రం చక్కెర తక్కువైందంటారు. నాకున్న ఓదార్పు ఒక్కటే, ఆయన మర్యాదకు నోచుకోని చేప కూడా ఒకటుంది. అది కొవ్వు ట్రౌట్.

మా సుపీరియర్ సరస్సులో ఒడ్డు రాళ్ల దగ్గర తిరిగే ట్రౌట్ సన్నగా, గట్టి కండతో ఉంటుంది. వెలుతురు దిగని లోతుల్లో బతికేదానికి పొట్ట నిండా కొవ్వే. అది వలలో పడితే మామగారి ముఖం ముడుచుకుపోతుంది. "ఇది చేప కాదు, నూనె డబ్బా" అని పక్కన పడేసేవారు. పక్కన పడేసినవన్నీ మా అత్తగారు డెల్ఫీన్ ఎరకు పనికొస్తాయని లోపలికి పట్టుకెళ్లేవారు. ఎర మాత్రం ఏనాడూ తయారు కాలేదు.

ఆవిడ వాటికి పొగబెట్టేవారు. నూనె బొట్టుబొట్టుగా కారిపోయాక మెత్తటి కండ మిగిలేది. ఆవిడకు అదంటే ప్రాణం. అందులోంచి పొట్టముక్క తెచ్చి ఆయన పళ్లెంలో వేసేవారు. ఆయన వేళ్లు నాకి, సన్న ట్రౌట్ అంటే ఇదీ అని మాకు పాఠం చెప్పేవారు. అప్పుడు అత్తగారు నావైపు చూసేవారు కాదు, చూస్తే ఇద్దరం దొరికిపోతామని. డులూత్ పట్నంలో డిగ్రీ చేసి వచ్చిన నాకు ఆ ఇంట్లో మొదట దొరికిన ఉద్యోగం నోరు మూసుకోవడం.

ఆవిడ పోయి ఏడాది కావచ్చింది. మా ఆదివాసుల్లో ఏడాది విందుకి పోయినవాళ్ల పళ్లెమే ముందు పెడతారు. అందులో వాళ్లు ఇష్టంగా తిన్నవే ఉండాలి. మిగతావాళ్ల తిండి ఆ తర్వాతే. పళ్లెం పెట్టాల్సింది మామగారు. ఆయన నిగనిగలాడే సన్న ట్రౌట్‌లు తెచ్చి నా ముందు పోశారు.

ఆ చేపల్ని పక్కకు జరిపాను. ఆవిడ గుట్టు దాచితే, ఆవిడ ఇష్టపడని తిండి ఆవిడ ముందుకెళ్తుంది.

"కొవ్వువి కావాలి మామయ్యా."

"ఎవరికి, కుక్కలకా?"

"అత్తయ్యకి."

ఆయన వల చిక్కు విప్పుతూ మొదలుపెట్టారు. డెల్ఫీన్ ఆయన తిన్నదే తినేదట. ఆవిడ నోటి రుచేమిటో తనకు ఇంకొకరు వచ్చి చెప్పాలా అన్నారు. సాయం వస్తారేమోనని మా ఆయన రాయిస్ వైపు చూశాను. పడవ ఇంజను చూడాలంటూ ఆయన లేచి వెళ్లారు. దాన్ని పొద్దున్నే చూశారు.

"పళ్లెం అత్తయ్యది మామయ్యా" అన్నాను. "అందులో పెడుతున్నది మాత్రం మీకిష్టమైంది."

మామగారు ఆ పూట భోజనానికి రాలేదు. మర్నాడు మేం లేచేసరికి పొడుగు తాళ్ల వల కొట్టంలో లేదు, పడవ రేవులో లేదు. ఆ వలను లోతు నీళ్లలో వదిలి వచ్చి పడుకున్నారు. ఆ మర్నాడు మళ్లీ వెళ్లి ఎత్తుకొచ్చి, బుట్ట నా కాళ్ల దగ్గర దించారు.

"ఇవిగో నీ నూనె డబ్బాలు."

చేపల్ని వీపు వైపునుంచి చీల్చి, మేపుల్ చెట్టు రసం కాచి చేసిన చక్కెర కలిపిన ఉప్పునీళ్లలో ఊరేశాను. తీసి గాలికి ఆరబెట్టాను. పైతడి పోయి వేలికి జిగురుగా తగలాలి. అంతకుముందే పొగ తగిలితే మసి పట్టి చేదెక్కుతుంది. ఇది ఏ కాలేజీలోనూ చెప్పలేదు, అత్తగారు చెప్పారు. కసురుకోకుండా, ఎంతసేపైనా నా వేలు పట్టుకుని తాకించి మరీ చెప్పారు. మేపుల్ కట్టెల నిప్పు సన్నగా ఉంచి, పొగబెట్టే కొట్టం తలుపు వేస్తుంటే, ఈ ఇంటికి రావడం ఎంత అదృష్టమో అనిపించింది. ఆ మాట ఆవిడ ఉండగా చెప్పి ఉంటే పిండిచేతులతో నా నెత్తిన ఒకటి మొట్టి ఉండేవారు.

నేను పాడుచేస్తానని మామగారు కొట్టం ముందు స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నారు. సాయంత్రానికి పొట్టలు తేనెరంగుకొచ్చాయి. ఉడికిందో లేదో చూడాలని ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు. నమలడం ఆపేశారు.

"ఇది డెల్ఫీన్ చేప."

"అవును మామయ్యా."

"నా పళ్లెంలోకి వచ్చింది..."

"ఇదే."

"ఎప్పట్నించి?"

"నేను కోడలిగా వచ్చేసరికే నడుస్తోంది."

ఆయన నిప్పువైపు తిరిగారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని దగ్గరికి వెళ్లాను. నవ్వుతున్నారు. కళ్లు మాత్రం తడిగానే ఉన్నాయి. పొగ వల్లనే అన్నారు, నేనూ అవునన్నాను.

విందు రోజు ఇల్లు నిండిపోయింది. సరస్సు నీళ్లలో దానంతటదే పండే బియ్యం, జింకమాంసం పులుసు, నేరేడుపళ్లలాంటి మా నల్లటి బెర్రీలు, అన్నీ కొద్దికొద్దిగా అత్తగారి పళ్లెంలో చేరాయి. చివర మామగారు అన్నిటికన్నా పెద్ద పొట్టముక్క ఎంచి, దాని మధ్యలో పెట్టారు. నీళ్లకూ, చేపకూ, వచ్చినవాళ్లకూ కృతజ్ఞత చెప్పారు. ఇక తిందామని అందరూ కదలబోతుంటే చేయెత్తి ఆపారు.

"డెల్ఫీన్, ఇన్నాళ్లూ దీన్ని తిట్టింది నేనే, తిన్నదీ నేనే. నువ్వు చెబితే వినేవాణ్ని కాదు, అందుకే పెట్టి ఊరుకున్నావు. అందరి ముందూ చెబుతున్నాను, తప్పు నాదే."