గాజు తలుపు వెనక ఎర్ర తాళం

నేను ఒక తాళం కప్పను. ఒళ్లంతా ఎరుపు, గుప్పెట్లో పట్టేంత ఆకారం. చూసి నవ్వకండి. ఏనుగులాంటి మోటారును కదలకుండా నిలబెట్టినవాణ్ణి. నాతోపాటు ఒకే అచ్చులో పుట్టిన మా అన్నగారైతే నడిసముద్రంలో ఓడనే ఆపేశాడట, తిమింగలం వచ్చి తోకతో బాదినా ఊడలేదట. ఇంకా అట్టపెట్టెలోంచే బయటపడలేదు, నీకు ఓడెక్కడ కనిపించిందని అడిగితే అటు తిరిగి పడుకున్నాడు. మా జాతిలో గొప్పలకు కొదవలేదు.

అనకాపల్లి దాటి సముద్రం వైపు వెళ్తే ఒక పురుగుల మందు కంపెనీ వస్తుంది. దానికంటే ముందు దాని వాసన వస్తుంది. అక్కడ గౌరునాయుడనే ఫిట్టరుకు నన్ను ఇచ్చారు. నా పొట్ట మీద అతని పేరు, ఫొటో అతికించారు. ఫొటోలో దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా ఉంటాడు గానీ మనిషి మహా సరదా.

ఇళ్ల తాళాలు దొంగల్ని ఆపడానికి. నా పని అది కాదు. అక్కడ మందుపొడి కలిపే పెద్ద ఇనుప మిక్సరు ఉంది. లోపల మనిషంత తెడ్లు తిరుగుతుంటాయి. పొడి అట్టకట్టినప్పుడల్లా గౌరునాయుడు అందులోకి దిగి గీకాలి. దిగేముందు స్విచ్చు పిడిని కిందికి దించి, దానికి నన్ను వేసి, తాళంచెవి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. అతను బయటికొచ్చి నన్ను తీసేదాకా ఆ మిక్సరును ఎవరూ తిప్పలేరు. మరో చెవి మేనేజరు దగ్గర కూడా లేదు. పిడికి నేనుంటే లోపల మనిషున్నట్టు. నేను లేకపోతే లేనట్టు. స్విచ్చు దగ్గర పనిచేసే సన్నిబాబు ముందు నన్ను వెతుక్కుని, ఆ తర్వాతే పిడి మీద చెయ్యి వేసేవాడు.

పని లేనప్పుడు గౌరునాయుడు నన్ను క్యారేజీకి తగిలించేవాడు. సన్నిబాబుకు ఎండు చేపల వాసన ఎంత దూరాన్నుంచైనా తగిలేది మరి.

"కంపెనీ తాళమెట్టి కూర దాసుకుంతావేట్రా. కళ్లు పోతాయి."

"పోతే పోనీ. చేపలు మిగుల్తాయి కదా."

అలా అంటూనే మూత తీసి సగం వాడికే పెట్టేవాడు. ఆ మాత్రం దానికి తాళమెందుకో నాకైతే అర్థం కాలేదు. మనుషుల స్నేహాలు అంతే.

సాయంత్రం నన్ను కూడా ఇంటికి తీసుకెళ్లేవాడు. అతని భార్య నూకరత్నం వాళ్ల వీధిలోనే పిండిమర ఆడించేది. మర తిరుగుతుండగానే ఇరుక్కున్న బియ్యాన్ని వేళ్లతో కెలకడం ఆమెకు అలవాటు. గౌరునాయుడి ప్రాణం అక్కడ కొట్టుకునేది.

"ఆపి తియ్యే. ఆపి, తాళమేసి తియ్యి."

"నీ కంపెనీ కబుర్లు ఇక్కడ సెప్పకు. తాళమేసుకుని కూకుంటే పిండెవులు ఆడతారు?"

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. నేను క్యారేజీకి వేలాడుతూ వినేవాణ్ణి.

ఇలా ఉండగా ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు గారు వస్తారని కబురు వచ్చింది. ఇక చూడండి సంబరం. గోడలకు సున్నం, నేల మీద పచ్చగీతలు, అందరికీ కొత్త టోపీలు. టోపీలు మాసిపోతాయని పైన ప్లాస్టిక్ కాగితం కూడా తీయనివ్వలేదు. మా సేఫ్టీ ఆఫీసరు విశ్వేశ్వర్రావు గారు చెడ్డమనిషి కాదు. తాళాల కోసం గాజు తలుపున్న బోర్డు చేయించి, కార్మికులందరి దగ్గరా మమ్మల్ని అడిగి తీసుకుని, గుడ్డతో తుడిచి తగిలించారు. ఖాళీ కొక్కెం ఒక్కటి కనిపించినా తాళం పోయిందని రాసేస్తారని ఆయన భయం.

ఆ ఉదయమే మిక్సరులో పొడి గట్టిపడింది. గౌరునాయుడు నాకోసం బోర్డు దగ్గరికి వచ్చాడు.

"ఒకపాలి తాళమియ్యండి బాబూ. లోనికి దిగాల."

"ఇప్పుడా? ఈ ఒక్క పూటకి వదిలెయ్యవయ్యా. సన్నిబాబుకి నేను చెప్తాను, నువ్వు దిగు."

గౌరునాయుడు నావైపు చూశాడు. అద్దంలో అతని ముఖం సరిగ్గా నా మీదే పడింది. తల గీరుకుని, పిడి కిందికి దించి లోపలికి వెళ్లిపోయాడు.

విశ్వేశ్వర్రావు గారు సన్నిబాబు కోసమే బయల్దేరారు. నేను చూశాను. సగం దూరం వెళ్లేసరికి గేటు దగ్గర జీపు ఆగింది. ఇన్‌స్పెక్టరు గారు అనుకున్న వేళ కంటే ముందే వచ్చేశారు. ఎవరో విశ్వేశ్వర్రావు గారి చేతిలో పూలగుత్తి పెట్టారు. ఆయన గేటు వైపు పరుగెత్తారు.

ఇన్‌స్పెక్టరు గారు నా ముందే నిలబడ్డారు. "తాళాలు బాగా పెట్టారు. ఒక్కటీ తప్పిపోలేదు," అన్నారు. మేనేజరు పొంగిపోయి, మిక్సరు నడిపి చూపించమని సన్నిబాబుకు సైగ చేశాడు. సన్నిబాబు పిడి దగ్గరికి వెళ్లాడు. రోజూలాగే నాకోసం చూశాడు. పైన చూశాడు, కింద చూశాడు. నేను లేను.

చెయ్యి వేశాడు.

ఓడలు ఆపే కథలు చెప్పుకునే జాతి మాది. ఆ రోజు గాజు తలుపు వెనక మెరుస్తూ వేలాడుతున్నాను. అంతకన్నా నాకు చెప్పడం చేతకాదు.

తర్వాత రిపోర్టు వచ్చింది. కార్మికుడు తాళం వేయకుండా యంత్రంలోకి దిగాడు అని అందులో ఉందట. అబద్ధమేమీ కాదు.

సన్నిబాబు ఎవరినీ అడగకుండా నన్ను బోర్డులోంచి తీసుకుని నూకరత్నం ఇంటికి నడిచాడు. అరుగు కింద నిలబడ్డాడే గానీ ఎక్కలేదు.

"సూశానొదినా. తాళం నేదు. సూసే తిప్పాను."

ఆమె అరుగు అంచు దాకా వచ్చింది. తర్వాత అంది.

"నువ్వు సూత్తావని ఆయనకి తెల్సు."

సన్నిబాబు అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఆమె దిగివచ్చి అతని గుప్పెట్లోంచి నన్ను తీసుకుంది. ఆస్పత్రివాళ్లు గౌరునాయుడి చొక్కాతో పాటు జేబులోని తాళంచెవి కూడా ఇచ్చారు. దాన్ని నాలో పెట్టి తిప్పింది. తెరుచుకున్నాను. తెరుచుకోవడం నాకు బాగానే వచ్చు.

ఇప్పుడు నా ఉద్యోగం పిండిమర దగ్గర. నూకరత్నం మళ్లీ మర నడుపుతోంది. బియ్యం ఇరుక్కుంటే గుమ్మం బయటున్న స్విచ్చు ఆపి, దాని పెట్టె మూసి, నన్ను వేసి, చెవిని కొంగున ముడేసుకుంటుంది. ఆ తర్వాతే లోపలికెళ్లి మరలో చెయ్యి పెడుతుంది. డబ్బాలతో నిలబడ్డ ఆడవాళ్లకు విసుగు.

"ఇక్కడెవులున్నారే నూకరత్నం, నువ్వు సెయ్యెట్టినప్పుడు మర తిప్పీడానికి?"

లోపల గీకుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తుంది. నా పొట్ట మీద ఫొటో పిండి పడి తెల్లబడిపోయింది. పేరు ఇంకా కనిపిస్తోంది. వాళ్లు గొణుగుతూనే ఉంటారు, నేను కదలను. గీకుడు ఆగుతుంది. చేతులు దులుపుకున్న చప్పుడు. అడుగుల చప్పుడు. మోచేతుల దాకా పిండితో నూకరత్నం బయటికి వస్తుంది, వేళ్లన్నీ ఉన్నాయి, కొంగు ముడి విప్పుతుంది.

అప్పుడు తెరుచుకుంటాను.