పెద్దక్క బరువు

ఇస్త్రీ రోలరు నోటికి అందించిన తడి దుప్పటి అవతలి వైపు నుంచి పొగలు కక్కుతూ బయటికి వచ్చింది. పెద్దక్క రెండు కొసలూ అందుకుని ఒక్క విదిలింపు విదిలించి, మధ్య మడతను గడ్డం కింద నొక్కిపట్టి, మిగతా కొసలు ఎదుట ఉన్న మడతలావిడకు అందించింది. ఇద్దరూ దగ్గరకు వచ్చారు, దూరం జరిగారు, మళ్ళీ దగ్గరకు వచ్చారు. దుప్పటి పలకంత అయి గుట్టమీదకు చేరింది. ఏళ్ళ తరబడి చేస్తున్న పని కనుక కళ్ళు మూసుకుని చేసినా అంచుకు అంచు కలుస్తుంది.

అది ఆసుపత్రి నేలమాళిగలోని లాండ్రీ. పై అంతస్తుల్లో ఎవరు ఏ నొప్పితో పడుకున్నా వాళ్ళ దుప్పట్లు కిందికి రావలసిందే. కప్పు నిండా గొట్టాలు. ఉన్న ఒక్క కిటికీలోంచి ఆకాశం కనబడదు, వీధిలో నడిచేవాళ్ళ చెప్పులు కనబడతాయి. చలికాలంలో ఏదో ఒక వంక పెట్టుకుని అందరూ ఇక్కడికి దిగి వస్తారు. ఎండాకాలంలో పిలిచినా రారు.

పెద్దక్క భారీ మనిషి. రెండు బల్లల మధ్య సందులోంచి పక్కవాటుగా నడవాలి. ఆప్రాను నాడాలు వెనక కలవకపోతే చిరిగిన దుప్పటి అంచొకటి చింపి అతుకు వేసుకుంది. ముంజేతుల నిండా కాలిన మచ్చలు, పాతవాటి మీద కొత్తవి. ఆమె నవ్వితే ముందు పొట్ట నవ్వుతుందనీ, ఆ కబురు అందాక ముఖం నవ్వుతుందనీ ఉతుకు తాత అంటాడు. ఉతుకు తాత అంటే ఉతికే యంత్రాల దగ్గర పనిచేసే ముసలాయన. ఆమెకంటే వయసులో చాలా పెద్దవాడు, అయినా ఆయనకూ ఆమె పెద్దక్కే.

నిజానికి ఆమె ఒక్కడికే అక్క. తల్లి పోయేనాటికి తమ్ముడు ఇంకా పాకుతున్నాడు. తండ్రి ఉన్నాడంటే ఉన్నాడు, లేడంటే లేడు. వాణ్ణి చంకనేసుకునే ఆమె పెద్దదైంది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళు లేకపోలేదు. అయితే ఈ పిల్లాణ్ణి ఎవరు చూస్తారన్న మాట దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఏదో పని గుర్తొచ్చేది. ఆ పిల్లాడు పెరిగి ఫ్యాన్ల మెకానిక్కు అయ్యాడు. గుమ్మంలో నిలబడి, తిరిగే చప్పుడు విని, ఏ ఫ్యానుకు ఏ రోగమో చెప్పేవాడు. పెళ్ళీ చేసుకున్నాడు. తన ఒంట్లో మొదలైన రోగం మాత్రం వాడికి వినిపించలేదు. కాళ్ళు వాచి, ఊపిరి అందక పరిగెత్తుకొచ్చేసరికి రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి.

ఇప్పుడు వారానికి మూడుసార్లు పై అంతస్తులో, అక్క ఇస్త్రీ చేసిన దుప్పటి మీదే పడుకుని, యంత్రం చేత రక్తం శుభ్రం చేయించుకుంటున్నాడు. "మనిద్దరం ఉతుకుడు మీదే బతుకుతున్నాం అక్కా. నీవి దుప్పట్లు, నాది రక్తం" అని వాడే ఎగతాళి చేస్తాడు.

మరదలి కిడ్నీ కలవలేదు. పెద్దక్కది కలిసింది. ఆ మాట విన్నప్పుడు ఆమె డాక్టరు ముందే కుర్చీలోంచి లేచి, ఎక్కడికి వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చుంది. "కిడ్నీ సరిపోయిందమ్మా, మీరే ఎక్కువయ్యారు. ఈ బరువు మీద ఆపరేషన్ చేస్తే మీ ప్రాణానికి ప్రమాదం. తగ్గి రండి, అప్పుడు చేద్దాం" అన్నాడాయన. తగ్గింది. మొదట్లో బాగానే తగ్గింది. చివరి నాలుగు కిలోలు మాత్రం మొండికేశాయి. నెలలు గడుస్తున్నా కదలవు. తమ్ముడి ముఖం చూస్తే రోజురోజుకీ బూడిదరంగుకి తిరుగుతోంది.

భోజనాల వేళ అందరూ ఆరబెట్టే యంత్రాల వెనక బల్ల దగ్గర చేరారు. అందరూ గిన్నెల మూతలు తీస్తే, పెద్దక్క నాలుగు దోసకాయ ముక్కలు ముందు పెట్టుకుని, ఆప్రాను జేబులోంచి నల్లటి టిన్ను ఒకటి తీసింది. చక్కెర లేని సోడా, డైట్ సోడా అంటారు. ఆ ఆవిర్లలో నిలబడి పనిచేసే మనిషికి ఒకప్పుడు చక్కెర సోడా ప్రాణంతో సమానం. పొద్దున ఒకటి, మధ్యాహ్నం రెండు, ఇంటికెళ్ళే దారిలో ఇంకొకటి. బరువు తగ్గాలంటే అది మానమంది ఆసుపత్రి డైట్ మేడమ్. మానలేక ఏడిస్తే, పోనీ ఇది తాగమని ఆ నల్ల టిన్ను చూపించిందీ ఆవిడే. తాగాక పెద్దక్కకు లోకంలో ఇంకా న్యాయం ఉందనిపించింది.

"మళ్ళీ అదేనా?" అంది మడతలావిడ. "నీ బరువు కదలకపోవడానికి ఆ నల్లనీళ్ళే కారణం. నాలుకను మోసం చేయొచ్చు గానీ పొట్టను చేయగలమా? తీపి వచ్చింది, వెనకాలే తిండి వస్తుందని అది కంచం ముందేసుకుని కూర్చుంటుంది. ఏదీ రాకపోతే ఊరుకుంటుందా? మా ఆడపడుచు అదే తాగి తాగి గుమ్మం పట్టనంత అయింది."

"మీ ఆడపడుచు దాంతోపాటు ఏం తినేదో కూడా చెప్పు" అన్నాడు ఉతుకు తాత.

"ఆ లెక్క అడిగితే మా ఆయన ఇంట్లో ఉండనివ్వడు."

అందరూ నవ్వారు. పెద్దక్క నవ్వలేదు. ఆ టిన్ను మీద ఆమెకు అనుమానం పుట్టి చాలా రోజులైంది. ఒకరు ఎముకలు గుల్లవుతాయన్నారు. ఒకరు చక్కెర కంటే ఇదే పెద్ద విషమన్నారు. తన నాలుక చాపల్యం కోసం తమ్ముడి ప్రాణం మీదికి తెస్తున్నానేమోనన్న భయం ఆమెను లోపల్లోపల తొలిచేస్తోంది. అయినా మానలేదు. మానలేకపోతున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆ మధ్యాహ్నం బరువు చూపించుకోవలసిన రోజు. డైట్ మేడమ్ గదిలో, అరమీద రబ్బరుతో చేసిన పళ్ళూ రొట్టెలూ వరసగా ఉంటాయి. పెద్దక్క చెప్పులు విప్పి, ఆప్రాను విప్పి, చెవుల కమ్మలు కూడా తీసి బల్ల మీద పెట్టి, ఊపిరి బిగబట్టి యంత్రమెక్కింది. ముల్లు పోయిన నెల ఉన్నచోటు దాటి, వెంట్రుకవాసి పైకే జరిగింది.

"నిజం చెప్పండి మేడమ్" అంది దిగకుండానే. "ఆ సోడా వల్లేనా? మా తమ్ముణ్ణి నేను చేతులారా చంపుకుంటున్నానా?"

మేడమ్ చిన్న వయసుది. "ముందు దిగి కూర్చోండమ్మా" అంది. "ఆ సోడాలో బరువు పెంచేది ఏమీ లేదు. చక్కెర సోడా తాగేవాళ్ళకి అదే నయం. కొందరికి అది తాగుతుంటే తీపి మీద యావ పోదు. ఇంకొందరు, సోడాలో మిగిల్చాం కదా అని ఇంకోచోట తినేస్తారు. మంచినీళ్ళంత మంచిదని నేనూ అనను, దానిమీద వాదనలు తెగలేదు. కానీ మీ ముల్లు ఆగింది దానివల్ల అనుకోను. పొద్దుట్నుంచి ఏం తింటారో చెప్పండి."

పెద్దక్క పాఠంలా అప్పజెప్పింది.

"సాయంత్రం?"

"మా తమ్ముడింట్లో. ఒక రొట్టె, కాస్త కూర. కొలుచుకునే తింటా. కావాలంటే మా మరదల్ని అడగండి."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏమీ తినను మేడమ్." కాసేపు చెవికమ్మ పెట్టుకోవడానికి తంటాలు పడింది. "వాడి కంచంలో మిగిలింది తింటానంతే."

"ఎంత మిగులుతుంది?"

ఆ ప్రశ్న పెద్దక్కను ఎవరూ అడగలేదు. తనూ వేసుకోలేదు.

"మొత్తం" అంది.

తమ్ముడికి ఆకలి చచ్చిపోయి చాలాకాలమైంది. ఏది నోట్లో పెట్టుకున్నా ఇనుప రజను నమిలినట్టుంటుందంటాడు. ఉప్పు లేకుండా, కూరలు ఉడికించిన నీళ్ళు వంపేసి, మరదలు ఏవో తంటాలు పడి వండుతుంది. వాడు తినకుండా లేస్తే వంటింట్లోకి వెళ్ళి ఏడుస్తుంది. అందుకని ఆమె అటు తిరగగానే వాడు తన కంచం అక్క కంచంలోకి వంచేస్తాడు. ఆమె తిరిగొచ్చేలోగా అక్క గబగబా మింగేస్తుంది. వాడి కంచం ఖాళీ అవుతుంది, మరదలి ముఖం వికసిస్తుంది. వాడు పాకే రోజుల్నుంచీ వాడు వదిలేసింది తిన్న మనిషి. అది తిండి అని ఆమెకు ఎన్నడూ తోచలేదు. కంచం ఎత్తడం, ఎంగిలి తుడవడం ఎలాగో ఇదీ అలాగే, ఇంట్లో చేయవలసిన పని.

మేడమ్ కళ్ళజోడు తీసింది. "అమ్మా, అతని భోజనం కూడా మీరే చేస్తున్నారు. అందుకే మీరు తగ్గడం లేదు, అతను నిలదొక్కుకోవడం లేదు. ఆ టిన్నును అనవసరంగా ఆడిపోసుకున్నారు."

పెద్దక్క చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే మెట్లెక్కింది.

పైన పొడవాటి హాలు. వరసగా మంచాలు, మంచానికో యంత్రం. తమ్ముడు కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. చొక్కా కాలరులో మెడ, పెద్ద కుండలో పెట్టిన గరిటెలా ఉంది. సూదులు గుచ్చిన చేతిని కదపకుండా రెండో చెయ్యి చాపాడు.

"తెచ్చావా అక్కా?"

వాడికి రోజు మొత్తానికి కొలిచిచ్చే నీళ్ళు కొన్ని గుక్కలే. ఇక ఆ సోడా అయితే ఒక్క చుక్క కూడా ముట్టకూడదు. అందుకని వాడు తాగడు, వింటాడు. పెద్దక్క జేబులోంచి ఇంకో టిన్ను తీసి, వాడి చెవి దగ్గర పెట్టి మూత లాగింది. లోపలి గాలి చివ్వున లేచి, బుడగలు సన్నగా చిటపటలాడాయి. వాడు కళ్ళు మూసుకుని చివరి బుడగ దాకా విన్నాడు.

"ఈ రోజుది బాగుంది. గ్యాసు గట్టిగా పట్టింది" అన్నాడు మెకానిక్కు.

అప్పుడు చెప్పింది. మేడమ్ అడిగింది, తను చెప్పింది, అన్నీ. వాడు ముందు నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"అంటే నాకోసం నువ్వు కడుపు మాడ్చుకుంటుంటే, నేను కూర్చోబెట్టి నిన్ను మేపుతున్నానన్నమాట."

"నీ ఒక్కడి తెలివేం కాదులే. ఇద్దరిదీ."

"నాకెందుకు తట్టలేదక్కా?"

"నాకే తట్టలేదు, నీకేం తడుతుంది? ఇదుగో చిన్నోడా, ఇవాళ్టి నుంచి నీ ముద్ద నువ్వే తినాలి. నేను ముట్టను. ఒట్టు."

"నోట్లో పెట్టుకోలేనక్కా. నీకు తెలీదు."

"తెలీకపోవడమేంట్రా? నెలల తరబడి తింటున్నది నేనే కదా. గడ్డిలా ఉంటుంది. అయినా తిన్నాను. నువ్వూ తిను."

వాడు కిటికీ వైపు చూశాడు. "సరే, తింటాను. పో, కింద దుప్పట్లు మాడిపోతాయి" అన్నాడు.

మెట్లు దిగుతుంటే పెద్దక్కకు ఒళ్ళు తేలిగ్గా అనిపించింది. ముల్లు ఎందుకు ఆగిందో తెలిసింది. తెలిస్తే కదపడమెంతసేపు? చేతిలో టిన్నులో గ్యాసు పోయింది. పారబోయడానికి మనసొప్పక, దారిలోనే తాగేసి చెత్తబుట్టలో వేసింది. దానిమీద ఇప్పుడు కోపమూ లేదు, ప్రేమా లేదు. రోలరు దగ్గర నిలబడి తడి దుప్పటి అందుకుంది. ఆ పూట ఆమె విదిలింపుకి మడతలావిడ రెండుసార్లు తూలి, "ఏంటి పెద్దక్కా, పెళ్ళిచూపులేమైనా ఉన్నాయా?" అంది.

కిటికీలో చెప్పుల నీడలు పొడుగయ్యే వేళకి, లాండ్రీ గుమ్మంలో మరదలు కనబడింది. ఆమె ఎన్నడూ ఈ మెట్లు దిగలేదు. ఏదో అంటోంది, యంత్రాల హోరులో పెదవులు కదలడమే తెలుస్తోంది. మడతలావిడ చెయ్యి చాపి రోలరు ఆపేసింది.

"వదినా" అంది మరదలు. చెయ్యి పట్టుకుని మెట్లవైపు లాగింది.

పైన నర్సు నెమ్మదిగా చెప్పింది. యంత్రం తీసేశాక భోజనం చేశాడు. కాసేపు పడుకుంటానన్నాడు. నిద్రపోతున్నాడనే అందరూ అనుకున్నారు. నిద్రలోనే గుండె ఆగింది. ఈ జబ్బులో ఇలా జరుగుతుంటుంది, ఇందులో ఎవరి తప్పూ లేదమ్మా, అంది.

గడ్డం దాకా దుప్పటి కప్పి ఉంది. దానిమీద మడతల గీతలు ఇంకా పోలేదు. పెద్దక్క ఒంగి వాటిని అరచేత్తో సాపు చేసింది. ఒక గీత పోయాక ఇంకో గీత సాపు చేసింది. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా రాయిలా బరువెక్కింది. ఇద్దామని నెలల తరబడి కాచుకున్నది లోపలే ఉండిపోయింది. పుచ్చుకోవలసినవాడు వెళ్ళిపోయాడు. వెంట్రుకవాసి, నాలుగు కిలోలు, తగ్గడం, పెరగడం, ఇక ఏ ముల్లు ఎక్కడ ఆగినా ఒకటే. ఆ మాట మనసుకి తట్టగానే ఆమె మంచం పట్టె పట్టుకుని నేలమీద కూలబడి, అప్పుడు ఏడ్చింది.

మరదలు పక్కన చతికిలబడింది. గుట్టంతా తెలియని పిల్ల. "ఈ రోజు పిలిచి మరీ అడిగారు వదినా, భోజనం ఇటివ్వమని" అంది. "నన్ను బయట కూర్చోమన్నారు. ఒక్కరే తిన్నారు. ఎన్నాళ్ళకో తనంతట తాను అడిగారు కదా, ఇక కోలుకుంటారనే అనుకున్నాను." కొంగు చాటున పట్టుకున్న స్టీలు గిన్నెను, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు, పెద్దక్క ఒళ్ళో పెట్టింది.

పెద్దక్క మూత తీసింది. గిన్నె అంచుల దాకా శుభ్రంగా ఉంది. అడుగున వేలితో తుడిచి తిన్న గీతలు ఇంకా తడి ఆరలేదు. అక్క కోసం ఒక్క మెతుకు కూడా మిగల్లేదు.