డబ్బా మూత మీది పేరు

జెరూషా ఫొటో పేపర్లో పడిన రోజున లీలాకుమారి ఆ వార్తను రెండుసార్లు చదివి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, వంటింటి అలమరలో నూనె సీసా కింద వేసింది. సీసా కింద కాగితం మార్చక చాలా రోజులైంది కూడా, కాబట్టి ఆమెను ఎవరూ ఏమీ అనడానికి లేదు.

ఇరవై రెండేళ్లుగా లీలాకుమారి చేస్తున్న పనికి ఒక పేరంటూ లేదు. కాలేజీలో పాఠాలు చెబుతుంది. సెలవుల్లో చిన్న చిన్న డాక్యుమెంటరీలు తీస్తుంది. శనివారాలు లాలాగూడ రైల్వే క్వార్టర్ల వెనకున్న కమ్యూనిటీ హాల్లో బస్తీ వాళ్లకు కెమెరా పట్టడం ఉచితంగా నేర్పుతుంది. జెరూషా పదమూడేళ్లప్పుడు ఆ హాలు గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మన్నదాకా రాలేదు. ఏకులా వచ్చి మేకైంది. ఇప్పుడు తనూ అదే కాలేజీలో సినిమా పాఠాలు చెబుతోంది, తనూ సినిమాలు తీస్తోంది, అదే హాల్లో సాయంత్రాలు పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దిస్తోంది. తేడా ఒక్కటే. పేపరువాళ్లు జెరూషా కోసం వచ్చారు.

లీలాకుమారి కడుపు మండింది. చెడ్డ మనిషేమీ కాదు. చర్చిలో ముందు వరసలో కూర్చుంటుంది, ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆమే వెళ్తుంది. అయినా మండింది.

జెరూషా తీస్తున్న కొత్త సినిమా ఆ అక్షరాల క్లాసు గురించే. అందులో ముఖ్యమైన మనిషి కమలాబాయి. మోండా మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతుంది, అరవై దాటాక పలక పట్టింది. సినిమా సగంలో ఉండగా జెరూషాకు జ్వరం తగిలింది.

"మేడం, పాఠం ఇంకొకరు చెప్తరు, ఇయ్యాల ఒక్క రోజు మీరు షూట్ చేస్తరా? క్లాస్ మిస్ చేయొద్దు," అని ఫోన్ చేసింది.

లీలాకుమారి వెళ్లింది. శనివారాలు బజారు వదలని కమలాబాయి ఆమెను ఎన్నడూ చూసి ఉండలేదు, పైనుంచి కిందిదాకా చూసింది.

"ఆ పిల్ల రాలేదా? నువ్వు ఆమె కాడ పనిచేస్తవా అక్కా?"

"అవునమ్మా," అంది లీలాకుమారి. అనడమైతే అంది గానీ, ఆ మాట పంటి కింద రాయిలా క్లాసు అయ్యేదాకా తగులుతూనే ఉంది.

క్లాసయి అందరూ వెళ్లాక, సామాను సర్దుకుంటూ కిటికీలోంచి చూసింది. వరండా మెట్ల మీద కమలాబాయి ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్లో పాత స్టీలు టిఫిన్ డబ్బా. పోయిన పెనిమిటి ముప్పై ఏళ్లు వర్క్‌షాపుకు మోసుకెళ్లిన డబ్బా అది. మూత మీద ఆయన పేరు చెక్కి ఉంది. ముప్పై ఏళ్లు తోమింది గానీ ఏనాడూ చదవలేకపోయింది. ఇప్పుడు ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదివింది. మొగుడి పేరు నోటితో పలకని కాలం మనిషి, ఆయన బతికుండగా ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడు అంది. మళ్లీ అంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

హాలు గోడ మీద లీలాకుమారి తన చేత్తో రాసిన మాట ఒకటుంది: "ముందు మనిషిని అడుగు, తర్వాత కెమెరా తెరువు." ఇరవై రెండేళ్లుగా మొదటి పాఠం అదే. ఆ గోడ పక్కనే నిలబడి, అడక్కుండా, ఆమె కెమెరా తెరిచింది. గురువెవరో శిష్యురాలెవరో ఈ షాటుతో తేలిపోతుంది అనుకుంది.

"అమ్మను అడిగే తీసిండ్రు గదా మేడం?" అంది మర్నాడు జెరూషా.

"నేర్పిందే నేను. నన్నే అడుగుతున్నావా?"

అబద్ధం ఆడలేదని లీలాకుమారి తనకు తాను సర్దిచెప్పుకుంది.

సినిమా పూర్తయింది. ఢిల్లీలో ఒక చిత్రోత్సవం వాళ్లు పంపమన్నారు. జెరూషా కాలేజీలో ఒకసారి వేసి చూపిస్తే, స్టాఫ్ రూంలో వారం పాటు అదే మాట: "ఆ డబ్బా షాటు, అబ్బ, జెరూషా ఏం తీసిందండీ." అది నాది అన్న మాట లీలాకుమారి నాలుక చివరిదాకా వచ్చేది. అంటే చులకనవుతుంది. టీతో పాటు మింగేసేది.

ఆమె పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. సినిమా కాలేజీ దాటి బయట ఎక్కడికి పంపాలన్నా ముందు బస్తీలో వెయ్యాలి. అందులో ఉన్నవాళ్లు వద్దంటే అది గడప దాటదు. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ తీసినవాళ్లు నోరు విప్పకూడదు.

ఆదివారం సాయంత్రం హాల్లో దుప్పటి కట్టి సినిమా వేశారు. లైట్లు వెలిగాక కమలాబాయి లేచి నిలబడింది.

"నా పెనిమిటి పేరు నేను ఎవ్వరి ముంగట అనలె. ఆయన పోయిననాడు సుత ఎవ్వరి ముంగట ఏడ్వలె. ఒక్కదాన్నే ఉన్ననని అనుకున్న. ఇయ్యాల గల్లీ మొత్తం చూసింది. ఎందుకు తీసినవ్ బిడ్డా?"

అందరూ జెరూషా వైపు తిరిగారు. జెరూషా తల వంచుకుంది. నియమం నియమమే, నోరు విప్పలేదు. లీలాకుమారి వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

లీలాకుమారి కడుపు చల్లబడింది. ఉన్నమాట చెప్పుకోవాలి, హాయిగా చల్లబడింది. మెప్పంతా తీసుకుంది కదా, మాట కూడా తనే పడనీ అనుకుంది.

"నిన్ను నా బిడ్డ అనుకున్న," అంది కమలాబాయి. "రేపటి సంది నీ క్లాసుకు నేను రాను. నాకీ చదువొద్దు."

ఆ పలక ఇక మూలన పడుతుంది. లీలాకుమారి లేచింది. వారం రోజులుగా నాలుక చివర ఆగిన మాట, చప్పట్లు కొట్టేవాళ్లు ఒక్కరూ లేని చోట బయటికొచ్చింది.

"అది నాది. ఆ రోజు కెమెరా పట్టింది నేను. మిమ్మల్ని అడగలేదు. అడగలేదని జెరూషాకు చెప్పనూ లేదు."

కమలాబాయి ఆమెను చూసి గుర్తుపట్టింది.

"నువ్వా. ఈ పిల్ల కాడ పనిచేసేదానివి." తర్వాత జెరూషా వైపు తిరిగింది. "జెర తప్పు మాట అన్న, మనసుల పెట్టుకోకు బిడ్డా. అదొక్కటి తీసెయ్. తక్కినది యాడికన్న పంపుకో. రేపు క్లాసుకొస్తా."

కూర్చోబోతూ ఆగి, మళ్లీ లీలాకుమారితో అంది: "ఈ పిల్ల నన్ను అడగంది ఎన్నడు కెమెరా తెర్వలె అక్కా. ఎవరు నేర్పిండ్రో గాని, మంచిగ నేర్పిండ్రు. నువ్వు సుత ఆమె కాడ నేర్చుకో."

జెరూషా చటుక్కున తలెత్తింది. నియమం తప్పి చెప్పేసేలా నోరు తెరవబోయింది. లీలాకుమారి వద్దని తల ఊపింది.

"అట్లాగేనమ్మా," అంది కమలాబాయితో. "నేర్చుకుంటాను."