చివర కె ఉన్న నంబరు

యస్నా నా వంటింట్లోకి వచ్చిన దగ్గర్నుంచి ఒక్కచోట కుదురుగా లేదు. కిటికీ దగ్గరికి, మళ్ళీ బల్ల దగ్గరికి తిరుగుతోంది. టీ చల్లారింది, రొట్టె మీది అవకాడో నల్లబడుతోంది. బల్ల మీద ఆమె పెంపుడు తల్లి ఒర్తెన్సియా ప్రార్థన పుస్తకం, వెనకట్ట తెరిచి ఉంది.

నెల క్రితం పోతూపోతూ ఒర్తెన్సియా చెప్పింది: బిడ్డని అప్పగించినవాళ్ళు కన్నతల్లి పేరు రాసుకోనివ్వలేదట, అందుకని ఆ తల్లి రుత్ నంబరు ఈ పుస్తకం అట్ట మీద రాసి దాచిందట. మా దేశంలో ప్రతి మనిషికీ ఒక రుత్, అంటే గుర్తింపు సంఖ్య, ఉంటుంది. ఎన్నికలవాళ్ళ సైటులో అది కొడితే ఓటర్ల జాబితాలో పేరూ, ఓటేసే బడీ వస్తాయి. చనిపోయినవాళ్ళకి ఏ బడీ రాదు. రేపే ఎన్నికలు.

అట్ట మీద ఏడంకెలు, గీత, చివర కె. నడిమి అంకె మీద బ్లీచింగ్ నీళ్ళు పడి చెరిగిపోయింది.

"ఆ చోట పది అంకెలూ కొట్టి చూసేద్దాం ప్రొఫే. ఎవరో ఒకరు తగులుతారుగా," అంది యస్నా.

"తగిలిన ప్రతి ముసలమ్మనీ అమ్మా అంటావా? ముందు కూర్చో తల్లీ."

నలభై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని, అందుకే ఇప్పటికీ ప్రొఫేని, అంటే టీచరమ్మని. ఆ కె ఊరికే రాదు. ఒక్కో అంకెనీ దానికి కేటాయించిన గుణకంతో హెచ్చవేసి, అన్నీ కూడి, పదకొండుతో భాగించాలి. ఒకటి మిగిలితేనే కె. పదకొండు ప్రధాన సంఖ్య కాబట్టి చెరిగిన చోట ఒక్కో అంకెకి ఒక్కో వేరే శేషం వస్తుంది. రెండు అంకెలు సరిపోవడం కుదరదు.

సున్నా పెట్టాను, ఆరు మిగిలింది. ఒకటి పెడితే ఏమీ మిగల్లేదు. రెండుకి ఐదు. తొమ్మిది దాకా వెళ్ళాను. ఎక్కడా ఒకటి మిగల్లేదు. మళ్ళీ చేశాను, అంతే.

"తప్పు నంబరు రాసింది!" యస్నా పుస్తకం విసరబోయింది. "వెళ్ళిపోతానని భయం! నలభై ఆరేళ్ళు నన్ను మోసం చేసింది!"

"నోరు ముయ్యి. తప్పు మన కళ్ళదేమో."

నాకూ భయంగానే ఉంది. పుస్తకం లాక్కుని పేజీలు తిరగేశాను. అంచుల్లో ఒర్తెన్సియా రాసుకున్న తేదీలు. ఏడు వచ్చిన ప్రతిచోటా నడుముకి అడ్డగీత, ఒకటికి ఏడులా కనిపించేంత పొడుగు ముక్కు. బళ్ళో మేం నేర్పేది అలాగే. ఆ గీత మరిచిన పిల్లలకి నేనే మార్కులు కోశాను. అట్ట మీద కెకి ముందున్న చివరి అంకెకి ఆ అడ్డగీత లేదు. నేను ఏడనుకున్నది ఒకటి. సిగ్గుతో నా చెవులు మండాయి.

మళ్ళీ మొదలుపెట్టాను. ఎనిమిది దగ్గర మొత్తం నూట ఇరవై రెండు. పదకొండు పదకొండ్లు పోగా మిగిలింది ఒకటి.

"మీరే కొట్టండి," అంటూ యస్నా ఫోన్ నా ముందుకి తోసి, గోడవైపు తిరిగింది.

కొట్టాను. ఒక పేరు వచ్చింది: నెల్డా కిలోద్రాన్. ఓటేసే చోటు మా కొండ మీది బడి.

"బతికే ఉంది," అన్నాను.

యస్నా ఇటు తిరిగి తెర మీద బడి పేరు చదివింది. "ఇది నా బడే ప్రొఫే. ఇరవై ఏళ్ళుగా అక్కడే ఓటేస్తున్నాను." అప్పుడు కుర్చీలో కూలబడింది. "క్యూలో ప్రతిసారీ ముసలమ్మల్ని ముందుకి పంపిస్తాను. ఆవిడకీ దారి ఇచ్చే ఉంటాను."